ఫ్లెక్సీ చింపితే సరదానా? కేసు, పాస్‌పోర్టు, ఉద్యోగం.. ప్రచారం వేళ ముద్దనూరు కుర్రాళ్లు తెలుసుకోవాల్సిన విషయాలివే!

ఎన్నికల ప్రచారం మొదలైతే చాలు.. పగలు మైకులు, రాత్రి బ్లేళ్లు. పొద్దున లేచేసరికి సెంటర్లో కట్టిన ఫ్లెక్సీ రెండు ముక్కలు. గోడ మీద అభ్యర్థి ముఖానికి పేడ. ఇంటి ముందు నిమ్మకాయలు, పసుపు, కుంకుమ. ఎవరు చేశారో ఊరంతా తెలుసు.. కానీ ఎవరూ చెప్పరు. "ఏముందిలే అన్నా, సరదాకి చేసినాం" అనేది తర్వాత వినిపించే మాట.

సరదా అక్కడితో ఆగితే ఎవరికీ ఇబ్బంది లేదు. కానీ కడప జిల్లాలో అది అక్కడితో ఆగదని అందరికీ తెలుసు. చిరిగిన ఫ్లెక్సీ కాస్తా రాళ్ల దాకా, రాళ్లు కాస్తా కార్ల అద్దాల దాకా, అక్కడి నుంచి ఆస్పత్రి దాకా పోయిన సందర్భాలు ఉన్నాయి. చివర్లో నాయకుడు బాగానే ఉంటాడు. ఎఫ్‌ఐఆర్‌లో పేరు మాత్రం ఇరవై రెండేళ్ల కుర్రాడిది ఉంటుంది.

2021లో గెలిచిన సర్పంచులు, కౌన్సిలర్లు, ఎంపీటీసీలు, జడ్పీటీసీల ఐదేళ్ల గడువు 2026తో తీరిపోతుంది. అంటే ఊళ్లలో మళ్లీ స్థానిక ఎన్నికల వేడి. అసలు ప్రచారంలో ఏది సరదా, ఏది నేరం? ఏ పనికి ఏ సెక్షన్ పడుతుంది? కేసు పడితే కువైట్ వీసా ఏమవుతుంది? వివరంగా చూద్దాం.

ముద్దనూరు ఎందుకంత కీలకం?

మ్యాప్ ఒకసారి చూడండి. ముద్దనూరు నుంచి ఒక రోడ్డు పులివెందులకు, ఇంకోటి జమ్మలమడుగుకు, మరోటి ఎర్రగుంట్ల మీదుగా ప్రొద్దుటూరు, కడప వైపు, ఇంకోటి తాడిపత్రికి పోతుంది. రైల్వే స్టేషన్ ఉంది. కొంచెం దూరంలోనే ఆర్‌టీపీపీ. అన్ని వైపుల నుంచి వచ్చేపోయే జనం కనిపించే చోటు కాబట్టి ఫ్లెక్సీకి ఇక్కడ డిమాండ్ ఎక్కువ. ఎవరి ఫ్లెక్సీ పెద్దది, ఎవరిది ముందు వరుసలో ఉంది అనేదే ఒక పోటీ.

మండలం జమ్మలమడుగు నియోజకవర్గంలో ఉంది. పక్కనే పులివెందుల. ఈ రెండు పేర్లు వింటే రాష్ట్రంలో ఎవరికైనా మొదట గుర్తొచ్చేది ఫ్యాక్షన్. బాంబుల రోజులు ఇప్పుడు లేవు. కానీ ఆ జ్ఞాపకం మాత్రం పోలేదు. అందుకే వేరే జిల్లాలో చిన్న గొడవగా పోయేది ఇక్కడ పెద్ద విషయం అవుతుంది. చిరిగింది గుడ్డే అయినా, "మన ఊర్లోకొచ్చి మన నాయకుడి బొమ్మ చింపినారు" అన్న మాట ఇంటింటికీ పోతుంది. ఆ మాటతోనే అసలు సమస్య మొదలవుతుంది.

పులివెందుల జడ్పీటీసీ ఉప ఎన్నికలో ఏం జరిగింది?

తాజా ఉదాహరణ 2025 ఆగస్టుది. పులివెందుల జడ్పీటీసీగా ఉన్న మహేశ్వరరెడ్డి రోడ్డు ప్రమాదంలో చనిపోవడంతో ఆ స్థానానికి ఉప ఎన్నిక వచ్చింది. ఓటర్లు సుమారు 10,600 మంది. పోలింగ్ కేంద్రాలు 15. బరిలో 11 మంది. లెక్కలో చూస్తే చిన్న ఎన్నిక. కానీ అది వైఎస్ జగన్ సొంత మండలం. దీంతో రాష్ట్రం మొత్తం అటే చూసింది.

ఆగస్టు 12న పోలింగ్. దానికి వారం ముందే గొడవలు మొదలయ్యాయి. నల్లగొండువారిపల్లెలో ప్రచారానికి వెళ్లిన వైసీపీ ఎమ్మెల్సీ రమేశ్ యాదవ్, ఆ పార్టీ నేత వేల్పుల రాము మీద దాడి జరిగింది. వాహనాల అద్దాలు పగిలాయి. ఇది టీడీపీ పనే అని వైసీపీ ఆరోపించింది. టీడీపీ దాన్ని ఖండించింది. పోలింగ్ రోజు రిగ్గింగ్ జరిగిందని వైసీపీ, ఇన్నాళ్లకు ఇక్కడ జనం స్వేచ్ఛగా ఓటేశారని టీడీపీ.. ఇలా రెండు వైపుల నుంచీ మాటల యుద్ధం నడిచింది.

ఆగస్టు 13న రెండు కేంద్రాల్లో రీపోలింగ్ పెట్టారు. దాన్ని వైసీపీ బహిష్కరించింది. 14న లెక్కింపు. టీడీపీ అభ్యర్థి లతారెడ్డికి 6,716 ఓట్లు, వైసీపీ అభ్యర్థి హేమంత్‌రెడ్డికి 683 ఓట్లు వచ్చాయి.

ఎవరు గెలిచారు, ఎందుకు గెలిచారు అనేది వేరే చర్చ. ఇక్కడ చూడాల్సింది ఒక్కటే. పది వేల ఓట్ల ఎన్నికకు వందల మంది పోలీసులు, పల్లెల్లో చెక్‌పోస్టులు, నాయకుల నిర్బంధాలు. ఇంత హడావిడి ఉన్నప్పుడు మామూలు ఓటరు ఏమనుకుంటాడు? "మనకెందుకొచ్చిన గొడవ" అని ఇంట్లో కూర్చుంటాడు. ప్రచారంలో విధ్వంసం వల్ల మొదట నష్టపోయేది అభ్యర్థి కాదు, ఆ ఓటరే.

బ్యానర్ నుంచి తుపాకీ దాకా..

"ఒక బ్యానర్‌కి ఇంత రాద్ధాంతమా?" అని అడిగేవాళ్లు బళ్లారి సంగతి గుర్తు చేసుకోవాలి. మన సరిహద్దులోనే ఉన్న, తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే ఊరు. 2026 జనవరి 1 రాత్రి అక్కడ వాల్మీకి విగ్రహావిష్కరణ బ్యానర్లు కట్టే విషయంలో గాలి జనార్దన్‌రెడ్డి వర్గానికి, కాంగ్రెస్ ఎమ్మెల్యే నారా భరత్‌రెడ్డి వర్గానికి గొడవైంది. ఇంటి ముందు బ్యానర్ కట్టడం దగ్గర మొదలై రాళ్ల దాకా, ఆ తర్వాత కాల్పుల దాకా వెళ్లింది. ఓ కాంగ్రెస్ కార్యకర్త ప్రాణం పోయింది. కొత్త సంవత్సరం మొదటి రోజే.

ఇంకా దగ్గర ఉదాహరణ కావాలంటే తాడిపత్రి. 2024 మే 13న పోలింగ్, ఆ మరుసటి రోజు కూడా అక్కడ రెండు వర్గాలు రాళ్లు రువ్వుకున్నాయి. పల్నాడు, తిరుపతిలోనూ గొడవలు జరిగాయి. పరిస్థితి ఎంత దూరం పోయిందంటే అనంతపురం, పల్నాడు ఎస్పీలను కేంద్ర ఎన్నికల సంఘం సస్పెండ్ చేసింది. తిరుపతి ఎస్పీని బదిలీ చేసింది. సిట్ వేసింది. ఆ సిట్ ప్రాథమిక నివేదిక ప్రకారం మొత్తం 33 కేసులు, 1,370 మంది నిందితులు. అప్పటికి అరెస్టయినవాళ్లు 124 మంది.

1,370 అనే అంకెను ఒకసారి ఆలోచించండి. అంతమంది నాయకులు ఆ ఊళ్లలో లేరు. అందులో ఎక్కువ భాగం ఎవరై ఉంటారో వేరే చెప్పక్కర్లేదు.

ఎన్నికల కోడ్‌లో ఏముంది?

చాలామంది ఎన్నికల కోడ్ అంటే డబ్బు, మందు పంచకూడదు అనే అనుకుంటారు. కానీ ఫ్లెక్సీల గురించి, గోడల గురించి అందులో చాలా స్పష్టంగా ఉంది.

- ఒక పార్టీ పోస్టర్లను ఇంకో పార్టీ కార్యకర్తలు తీసేయకూడదు.
- ఇంటి యజమాని ఒప్పుకోకుండా ఆయన స్థలంలో, మేడ మీద, కాంపౌండ్ గోడ మీద జెండా కట్టకూడదు, బ్యానర్ పెట్టకూడదు, రాతలు రాయకూడదు.
- ఒక పార్టీ సభ జరిగే చోటు మీదుగా ఇంకో పార్టీ ఊరేగింపు తీయకూడదు.
- ఎదుటి పార్టీ నాయకుల దిష్టిబొమ్మలు మోయకూడదు, తగలబెట్టకూడదు.
- ఎవరి అభిప్రాయం నచ్చకపోయినా సరే, వాళ్ల ఇంటి ముందు ధర్నా చేయకూడదు.

షెడ్యూల్ వచ్చిన వెంటనే ప్రభుత్వ కార్యాలయాల మీద ఉన్న పోస్టర్లు, రాతలు 24 గంటల్లో, బస్టాండ్లు, కరెంటు స్తంభాల్లాంటి బహిరంగ ప్రదేశాల్లో 48 గంటల్లో, అనుమతి లేకుండా ప్రైవేటు గోడల మీద ఉన్నవి 72 గంటల్లో తీసేయాలి. ఇది అధికారుల పని. మీ ఊర్లో ఎదుటి పార్టీ ఫ్లెక్సీ రూల్‌కి విరుద్ధంగా ఉందనుకోండి.. మీరు చింపేస్తే తప్పు మీది అవుతుంది. ఫిర్యాదు చేస్తే అధికారులే వచ్చి తీసేస్తారు. తేడా అంతే.

పైన చెప్పింది అసెంబ్లీ, లోక్‌సభ ఎన్నికలకు కేంద్ర ఎన్నికల సంఘం పెట్టే కోడ్. సర్పంచ్, ఎంపీటీసీ, మున్సిపల్ ఎన్నికలను నడిపేది రాష్ట్ర ఎన్నికల సంఘం. అది కూడా ఇలాంటి ప్రవర్తనా నియమావళినే అమలు చేస్తుంది.

ఏ పనికి ఏ సెక్షన్?

కోడ్ ఉల్లంఘన వేరు, నేరం వేరు. కోడ్ ఎన్నికలతో పోతుంది. నేరం పోదు. 2024 జులై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత, అంటే బీఎన్‌ఎస్ వచ్చింది. దాని ప్రకారం చూద్దాం.

ఫ్లెక్సీ చింపడం, గోడ పాడు చేయడం: ఇతరుల ఆస్తికి కావాలని నష్టం చేస్తే సెక్షన్ 324. నష్టం తక్కువైతే ఆరు నెలల వరకు జైలు లేదా జరిమానా. నష్టం 20 వేల నుంచి లక్ష లోపు ఉంటే రెండేళ్ల వరకు. లక్ష, ఆపైన ఉంటే ఐదేళ్ల వరకు. కారు అద్దాలు, డోర్లు పగలగొడితే లెక్క ఎక్కడికి పోతుందో మీరే ఊహించుకోండి. ఇప్పుడొచ్చే కార్లకు ముందు అద్దం ఒక్కటే వేలల్లో ఉంటుంది.

ప్రభుత్వ ఆస్తి అయితే: ఆర్టీసీ బస్సు, పంచాయతీ ఆఫీసు, స్కూలు కిటికీలు.. వీటి మీద చెయ్యి పడితే 1984 నాటి ప్రజా ఆస్తుల విధ్వంస నిరోధక చట్టం వస్తుంది. ఐదేళ్ల వరకు జైలు. నిప్పు పెడితే కనీసం ఏడాది నుంచి పదేళ్ల వరకు.

ఐదుగురు, అంతకంటే ఎక్కువ మంది కలిసి చేస్తే: అది చట్టవిరుద్ధంగా గుమిగూడటం. గుంపులో ఒక్కడు బలప్రయోగం చేసినా అల్లర్ల కేసు కింద మిగతావాళ్ల మెడకూ చుట్టుకుంటుంది. రెండేళ్ల వరకు జైలు. చేతిలో మారణాయుధం ఉంటే ఐదేళ్ల వరకు. "నేను ఊరికే నిలబడ్డా, రాయి వేసింది వాడు" అంటే పోలీస్ స్టేషన్లో చెల్లకపోవచ్చు. గుంపు ఉద్దేశం ఒకటే అని తేలితే అందరూ బాధ్యులే.

ఎదుటి పార్టీ సభను చెడగొట్టడం: ప్రజాప్రాతినిధ్య చట్టం సెక్షన్ 127 ప్రకారం ఆరు నెలల వరకు జైలు.

పేరు లేని కరపత్రం: ఎవరు ముద్రించారు, ఎవరు వేయించారు అనే వివరాలు లేకుండా ఎన్నికల పోస్టర్, కరపత్రం వేస్తే సెక్షన్ 127ఏ. ఆరు నెలల వరకు జైలు లేదా 2 వేల వరకు జరిమానా, లేదంటే రెండూ. రాత్రికి రాత్రి ఊరంతా వెదజల్లే "ఆకాశరామన్న" కరపత్రాలు దీని కిందికే వస్తాయి. వేయించినవాళ్లతో పాటు ప్రింటింగ్ ప్రెస్ వాళ్లూ ఇరుక్కుంటారు.

ఇంకో విషయం. విధ్వంసం జరిగితే నష్టపరిహారం ఎవరిస్తారు? 2009లో సుప్రీంకోర్టు దీని మీద మార్గదర్శకాలు ఇచ్చింది. నష్టం చేసినవాళ్లతో పాటు ఆ కార్యక్రమానికి పిలుపు ఇచ్చినవాళ్ల మీద కూడా బాధ్యత పెట్టొచ్చని చెప్పింది. కాగితం మీద బాగుంది. కానీ నాయకుడి పేరు దాకా ఆధారాలు చేరేది తక్కువ. సీసీ కెమెరాలో దొరికేది బైక్ నంబరే.

చిన్న రాయే కదా అనుకుంటే..

2024 ఏప్రిల్ 13. విజయవాడ సింగ్‌నగర్‌లో అప్పటి ముఖ్యమంత్రి జగన్ బస్సు యాత్ర. రాత్రి పూట ఎక్కడి నుంచో రాయి వచ్చింది. ఆయన ఎడమ కనుబొమ్మ పైన తగిలింది. పక్కనే ఉన్న వెలంపల్లి శ్రీనివాస్‌కూ గాయమైంది. ఆ మరుసటి రోజే గాజువాకలో చంద్రబాబు సభలో, తెనాలిలో పవన్ కల్యాణ్ యాత్రలో కూడా రాళ్లు పడ్డాయి.

"గులకరాయి" అంటూ సోషల్ మీడియాలో జోకులు, మీమ్స్ తెగ తిరిగాయి. కానీ పోలీసులు పెట్టింది హత్యాయత్నం కేసు. ఓ యువకుడిని అరెస్టు చేశారు. బెయిల్ వచ్చేదాకా వారాల తరబడి అతను జైల్లోనే ఉన్నాడు. రాయి ఎంత చిన్నదన్నది కాదు, ఎవరి మీద, ఎక్కడ తగిలిందనేది లెక్క.

ఈవీఎంల సంగతీ అంతే. 2019 ఏప్రిల్ 11న గుత్తిలో జనసేన అభ్యర్థి మధుసూదన్ గుప్తా పోలింగ్ కేంద్రంలో ఈవీఎంను నేలకేసి కొట్టారు. వెంటనే అరెస్టయ్యారు. 2024 మే 13న మాచర్ల నియోజకవర్గం పాల్వాయి గేటు పోలింగ్ కేంద్రంలో అప్పటి ఎమ్మెల్యే పిన్నెల్లి రామకృష్ణారెడ్డి ఈవీఎంను పడేస్తున్న వీడియో వారం తర్వాత బయటికొచ్చింది. దేశమంతా చూసింది. జూన్ 26న ఆయన అరెస్టయ్యారు. అభ్యర్థి అయినా, ఎమ్మెల్యే అయినా కెమెరా ముందు తప్పించుకోలేకపోయారు. ఇక మామూలు కార్యకర్త పరిస్థితి ఏంటి?

ప్రాంక్ అంటే బ్లేడే కాదు.. ఫోన్ కూడా

ఇప్పుడు ఫ్లెక్సీ చింపడం కంటే ఫోన్లో చేసే పనే ఎక్కువ ప్రమాదం. "ఫలానా అభ్యర్థి పోటీ నుంచి తప్పుకున్నాడు" అని ఫేక్ లెటర్. పోలింగ్ ముందు రోజు రాత్రి నాయకుడి గొంతుతో ఏఐ ఆడియో. ఛానెల్ లోగో పెట్టి ఫేక్ బ్రేకింగ్ ప్లేట్. ఊరి గ్రూపులో పడితే అరగంటలో మండలమంతా తిరుగుతుంది. తెల్లారి ఖండించేలోపు ఓట్లు పడిపోతాయి.

ఇది కొత్త ట్రిక్కేం కాదు. అమెరికాలో 1972 ఎన్నికల సమయంలో నిక్సన్ మనుషుల తరఫున డొనాల్డ్ సెగ్రెట్టి అనే యువ లాయర్ ఇదే పని చేశాడు. ఎదుటి పార్టీ నేత ఎడ్మండ్ మస్కీ లెటర్‌హెడ్ మీద, అదే పార్టీకి చెందిన మిగతా నేతల గురించి తప్పుడు రాతలు రాసి పంచాడు. కాలేజీ కుర్రాళ్ల చిలిపి పనుల్లాగే మొదలుపెట్టారు. వాటర్‌గేట్ విచారణలో మొత్తం బయటపడింది. సెగ్రెట్టి నేరం ఒప్పుకుని నాలుగు నెలలకు పైగా జైల్లో గడిపాడు.

మన దగ్గర చూస్తే.. పరువు తీయడానికి నకిలీ పత్రం తయారుచేస్తే బీఎన్‌ఎస్ 336 కింద మూడేళ్ల వరకు జైలు. కంప్యూటర్, ఫోన్ వాడి ఇంకొకరిలా నటించి మోసం చేస్తే ఐటీ చట్టం 66డి కింద మూడేళ్ల వరకు జైలు, లక్ష వరకు జరిమానా. రెండు వర్గాల మధ్య చిచ్చు పెట్టే పుకారు పుట్టిస్తే సెక్షన్ 353. ఇది తయారుచేసినవాడికే కాదు, పంచినవాడికీ వర్తిస్తుంది. డీప్‌ఫేక్ విషయం తమ దృష్టికి వస్తే మూడు గంటల్లో తీసేయాలని 2024 మేలో కేంద్ర ఎన్నికల సంఘం పార్టీలను ఆదేశించింది. కానీ వాట్సాప్‌లో ఒకసారి వెళ్లింది వెనక్కి రాదు.

కాబట్టి వీడియో వచ్చిన వెంటనే ఫార్వర్డ్ కొట్టకండి. ముందు ఎప్పటిదో, ఎక్కడిదో చూడండి. పాత గొడవ వీడియోకి కొత్త ఊరి పేరు పెట్టి తిప్పడం ప్రతి ఎన్నికలోనూ జరిగేదే.

విగ్రహాలు, శిలాఫలకాలు.. ఓట్లు అయిపోయినా ఆగని పగ

ప్రచారంలో మొదలైన ఈ అలవాటు ఫలితాల తర్వాతా ఆగడం లేదు. 2022 జనవరిలో పల్నాడు ప్రాంతంలోని దుర్గిలో ఎన్టీఆర్ విగ్రహాన్ని ఓ వ్యక్తి సుత్తితో కొట్టిన వీడియో వైరలైంది. పోలీసులు అతన్ని అరెస్టు చేశారు. 2024 జూన్ ఫలితాల తర్వాత చాలాచోట్ల వైఎస్సార్ విగ్రహాలు, శిలాఫలకాలు ధ్వంసమయ్యాయి. అదే ఏడాది ఆగస్టులో విజయవాడ అంబేద్కర్ విగ్రహం దగ్గర జగన్ పేరున్న అక్షరాలను తొలగించడం పెద్ద దుమారమే రేపింది.

ఇక్కడ పార్టీ ఏదైనా తేడా లేదు. అధికారం మారితే బాధితులు మారుతున్నారు, పద్ధతి మారడం లేదు. ఊళ్లో వేసిన సిమెంట్ రోడ్డు శిలాఫలకం పగలగొడితే రోడ్డు వేసిన పార్టీకి నష్టమేం లేదు. కొత్తది పెట్టడానికి అయ్యే ఖర్చు మాత్రం పంచాయతీ డబ్బే. అంటే మన ఇంటి పన్నే.

కేసు పడితే కువైట్ సంగతేంటి?

అసలు విషయం ఇదే. కడప జిల్లాలో ఇంటికొకరు కాకపోయినా వీధికొకరు గల్ఫ్‌లో ఉంటారు. కువైట్, సౌదీ, ఖతార్.. ఎక్కడికి పోవాలన్నా ముందు కావాల్సింది పాస్‌పోర్టు.

పాస్‌పోర్టు చట్టం సెక్షన్ 6(2)(ఎఫ్) ప్రకారం కోర్టులో క్రిమినల్ కేసు పెండింగ్‌లో ఉంటే పాస్‌పోర్టు ఇవ్వకుండా ఆపొచ్చు. అప్పుడు ఆ కోర్టుకు పోయి అనుమతి తెచ్చుకోవాలి. కోర్టు ఒప్పుకున్నా, చాలాసార్లు తక్కువ కాలానికే పాస్‌పోర్టు ఇస్తారు. ఉద్యోగ వీసాకు అడిగే పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ దగ్గర కూడా ఇదే అడ్డంకి. ఏజెంట్‌కు కట్టిన డబ్బు వెనక్కి రాదు. కేసు వాయిదాలు మాత్రం వస్తూనే ఉంటాయి.

కానిస్టేబుల్, సచివాలయం, రైల్వే.. ఏ ప్రభుత్వ ఉద్యోగానికైనా వెరిఫికేషన్ ఫారంలో కేసుల గురించి అడుగుతారు. దాచిపెడితే ఇంకా ప్రమాదం. అవతార్ సింగ్ కేసులో 2016లో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. చిన్నతనంలో చేసిన చిన్న తప్పయితే ఉద్యోగం ఇచ్చే సంస్థ సానుకూలంగా చూడొచ్చు. కానీ నిజం దాచితే ఆ కారణంతోనే తీసేయొచ్చు. పోలీసు ఉద్యోగానికైతే ఈ పరిశీలన మరింత గట్టిగా ఉంటుంది.

"తర్వాత రాజీ చేసుకుంటాంలే" అంటారా? నష్టం ప్రైవేటు వ్యక్తికి మాత్రమే జరిగి ఉంటే రాజీకి అవకాశం ఉంది. అల్లర్లు, ప్రభుత్వ ఆస్తి, హత్యాయత్నం లాంటి సెక్షన్లు కలిస్తే ఊర్లో పెద్దమనుషులు కూర్చుని తేల్చుకునేది కాదు అది.

ఇక బైండోవర్. ఎన్నికలొస్తే మన దగ్గర బాగా వినిపించే మాట. గతంలో గొడవల్లో పేరున్నవాళ్లను తహసీల్దార్ ముందు నిలబెట్టి, గొడవలకు పోమని పూచీకత్తు రాయించుకుంటారు. ఇప్పుడు దీన్ని బీఎన్‌ఎస్‌ఎస్ 126, 129 సెక్షన్ల కింద చేస్తున్నారు. బాండ్ కాలంలో మళ్లీ గొడవకు దిగితే రాసిచ్చిన డబ్బు కట్టాల్సిందే. ఒకసారి ఆ లిస్టులో పేరు ఎక్కితే, ప్రతి ఎన్నికకూ స్టేషన్ నుంచి ఫోన్ వస్తుంది.

ఫ్లెక్సీ కట్టేవాళ్లకూ ఒక మాట

చింపేవాళ్లకే కాదు, కట్టేవాళ్లకూ ప్రమాదం ఉంది. 2020 సెప్టెంబర్ 1 రాత్రి చిత్తూరు జిల్లా శాంతిపురం మండలంలో పవన్ కల్యాణ్ పుట్టినరోజు బ్యానర్ కడుతూ కరెంట్ షాక్‌తో ముగ్గురు చనిపోయారు. 2024 నవంబర్‌లో తూర్పుగోదావరి జిల్లా తాడిపర్రులో విగ్రహావిష్కరణ ఫ్లెక్సీ కడుతుంటే తీగలు తగిలి నలుగురు యువకులు ప్రాణాలు కోల్పోయారు. ఫ్లెక్సీకి వేసే ఇనుప ఫ్రేమ్ కరెంట్ తీగకు తగిలితే చాలు.. వెనక్కి తిరిగి చూసుకునే టైం కూడా ఉండదు.

ఎదుటివాళ్లు చూసేలోపు కట్టేయాలని అర్ధరాత్రి, చీకట్లో, హడావిడిగా కట్టడమే ఎక్కువ ప్రమాదాలకు దారి తీస్తోంది. పోటీ వల్లే ఆ హడావిడి.

ప్లాస్టిక్ ఫ్లెక్సీలను నిషేధిస్తున్నట్టు 2022 ఆగస్టు 26న విశాఖలో అప్పటి సీఎం జగన్ ప్రకటించారు. ఉల్లంఘిస్తే చదరపు అడుగుకు 100 రూపాయల జరిమానా అని ఉత్తర్వులు కూడా వచ్చాయి. ఇప్పుడు ఏ సెంటర్లో నిలబడి చూసినా ఆ నిషేధం ఎంత అమలైందో అర్థమవుతుంది.

గోడ మీది.. మరి మీరేం చేయాలి?

మీ గోడ మీద అనుమతి లేకుండా పోస్టర్ అంటించారా? మీ షాపు ముందు ఫ్లెక్సీ చింపి గొడవ పెట్టుకుంటున్నారా? ఇలా చేయండి.

1. ముందు ఫొటో, వీడియో తీయండి. తేదీ, టైం కనిపించేలా ఉంటే మంచిది. గొడవ జరుగుతుంటే దగ్గరికి పోవద్దు, ఇంటి లోపలి నుంచే తీయండి.
2. ప్రమాదం ఉందనిపిస్తే వెంటనే 112కు ఫోన్ చేయండి.
3. అసెంబ్లీ, లోక్‌సభ ఎన్నికలైతే సీ-విజిల్ యాప్ ఉంది. అక్కడికక్కడే రెండు నిమిషాల వరకు వీడియో తీసి పంపొచ్చు. పాత వీడియోలు తీసుకోదు. పేరు చెప్పకుండా కూడా పంపొచ్చు. 100 నిమిషాల్లో చర్య తీసుకోవాలన్నది లక్ష్యం.
4. పంచాయతీ, మున్సిపల్ ఎన్నికలకు సీ-విజిల్ పనిచేయదు. అప్పుడు రిటర్నింగ్ అధికారికి, ఎంపీడీవో లేదా మున్సిపల్ కమిషనర్‌కు, పోలీసులకు రాతపూర్వకంగా ఇవ్వండి. రసీదు అడిగి తీసుకోండి.
5. నష్టం చిన్నదైతే పోలీసులు నేరుగా దర్యాప్తు చేయలేకపోవచ్చు. కోర్టు అనుమతి కావాల్సి ఉంటుంది. ఫిర్యాదు కాపీ మాత్రం దగ్గర పెట్టుకోండి. మళ్లీ జరిగితే అదే ఆధారం.
6. వీడియోను గ్రూపుల్లో పెట్టకండి. పోలీసులకు ఇవ్వండి. గ్రూపులో పడితే ఆ రాత్రికే ఇంకో పది మంది కర్రలతో బయల్దేరతారు.

చివరిగా..

ప్రచారంలో సరదా ఉండకూడదని ఎవరూ అనరు. ఎదుటి అభ్యర్థి మీద పేరడీ పాట కట్టండి. హామీల మీద మీమ్ చేయండి. ఐదేళ్ల కింద ఇచ్చిన మాట ఏమైందని వీధిలో నిలబడి అడగండి. ఇవన్నీ హక్కులే. ఎదుటివాళ్లకు సమాధానం చెప్పుకోవాల్సిన పని పడుతుంది. ఫ్లెక్సీ చింపితే వాళ్లకు ఆ పని కూడా తప్పిపోతుంది, సానుభూతి అదనంగా వస్తుంది.

ఫ్లెక్సీ ధర కొన్ని వందలో, వేలో ఉంటుంది. పార్టీ మరుసటి రోజే కొత్తది కట్టిస్తుంది. ఎన్నికలైపోయాక ఇద్దరు నాయకులూ ఒకే పెళ్లిలో పక్కపక్కన కూర్చుని భోంచేస్తారు. జమ్మలమడుగు కోర్టులో, ప్రొద్దుటూరు కోర్టులో వాయిదాకు పోవాల్సింది మాత్రం బ్లేడు పట్టుకున్న కుర్రాడే. పక్కన తోడుగా వచ్చేది ఏ అన్నా కాదు.. వాళ్ల నాన్న.